చాచా తొడిగి చూడని చొక్కా

మా నాన్నకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఇదేదో పొగడ్త అనుకునేరు, కాదు. ఆయన పోయినప్పుడు చర్చిలో ఒకరి తర్వాత ఒకరు లేచి ఇదే మాట చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. నేను ముందు బల్ల మీద కూర్చుని పళ్ళు నూరుకున్నాను. ఆయన నిజం చెప్పినందుకు ఏం జరిగిందో వాళ్ళకేం తెలుసు? మా అమ్మకు తెలుసు, నాకు తెలుసు, పక్కింటి చాచీకి తెలుసు. ముగ్గురిలో ఇప్పుడు మిగిలింది నేనే కాబట్టి చెబుతున్నాను.

మా ఇల్లు సికింద్రాబాదులో, బోయిగూడలో. రైలు పోతుంటే అటక మీద గిన్నెలు గలగలమనే సందు. నాన్న గుంటూరు వైపు మనిషి. పెళ్ళైన కొత్తలో ఇక్కడి మిషను బడిలో ఉద్యోగం దొరికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. గోడకు అవతలి పక్క ఒక ముస్లిం దర్జీ, ఆయన భార్య ఉండేవాళ్ళు. నల్గొండ వైపు వాళ్ళు, ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవారు. నేను ఆయన్ని చాచా అనేదాన్ని, ఆవిణ్ణి చాచీ. వాళ్ళకు పిల్లల్లేరు. అందుకని నాకు రెండిళ్ళు. మా ఇంట్లో తిట్లు తిని వాళ్ళింట్లో అన్నం తినేదాన్ని.

చాచా పనిలో ఒక వింత ఉండేది. మగవాళ్ళ బట్టలు ఏవి కుట్టినా, ఇచ్చేముందు తనే తొడుక్కుని చూసేవాడు. వాకిట్లోకి వచ్చి, వెలుతురులో నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, దించి, ముందుకు చాచి, గొంతుక్కూర్చుని లేచేవాడు. లావుపాటి వాళ్ళ చొక్కా అయితే పొట్టకు దుప్పటి మడిచి కట్టుకునేవాడు. ఎందుకు చాచా ఈ అవస్థ అంటే, "టేపు చెప్పేది టేపు చెప్తది బిడ్డా. చంకల పట్టేది మాత్రం చెయ్యి లేపితెనే తెలుస్తది" అనేవాడు.

అలా మా చాచా ఒకరోజు రైల్వే గార్డు, ఇంకోరోజు పోలీసు జవాను. ఒక క్రిస్మస్ ముందు మా అయ్యగారి తెల్లంగీ వచ్చింది. మా సంఘం పాస్టరు గారిని మేం అయ్యగారనే అనేవాళ్ళం. చాచా ఆ అంగీ తొడుక్కుని రెండు చేతులూ ఎత్తి వాకిట్లో నిలబడ్డాడు. కూరగాయల సంచితో వస్తున్న మా అమ్మ అలవాటుగా ఠక్కున తల వంచేసింది. తల ఎత్తి చూస్తే చాచా! "దేవుడా, నా కళ్ళు కాలిపోను!" అని అమ్మ ఇంట్లోకి పరుగు. సందంతా పడి పడి నవ్వింది. అయ్యగారికి తెలిసి ఆయనా నవ్వాడు. కనబడ్డప్పుడల్లా "దీవెన సరిగ్గా అందిందా అమ్మా?" అని అడిగి అమ్మ మొహం ఎర్రబడేలా చేసేవాడు.

చాచాకు ఇంకో అలవాటు కూడా ఉంది. బట్టలో మిగిలిన ముక్కలన్నీ, పీలికలతో సహా, చుట్ట చుట్టి చొక్కా జేబులో పెట్టి ఇచ్చేవాడు. ఏ దర్జీ చేస్తాడండీ ఆ పని? చాచీ విసుక్కునేది.

"ఆ పీలికలతోటి వాళ్ళేం జేసుకుంటరు? నాకిస్తె బొంత కుట్టుకోనా?"

"వాళ్ళ బట్ట, వాళ్ళ హక్కు. పారేసుకుంటరో దాసుకుంటరో వాళ్ళిష్టం" అనేవాడు చాచా, తల ఎత్తకుండా.

నాన్న బడి బన్సీలాల్‌పేట వైపు. నేనూ ఆ బడిలోనే చదివాను. ఆయన లెక్కలు చెప్పేవాడు, పౌరశాస్త్రం చెప్పేవాడు. కానీ ఆయనకు ప్రాణమైన పాఠం పుస్తకంలో లేదు. బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి, ఒక పక్క 'రాజు ఇచ్చినవి' అనీ ఇంకో పక్క 'రాజు ఇవ్వనివి' అనీ రాసేవాడు. జాగీరు, బిరుదు, తుపాకి లైసెన్సు ఇటు. "మరి రాజు పుట్టకముందు మనిషికి ఆకలేసేదా లేదా? కొడితే నొప్పి పుట్టేదా లేదా? ఎందుకు కొడుతున్నావని నోరు తెరిచి అడిగేవాడా లేదా?" అని ఒక్కొక్కరినీ లేపి అడిగేవాడు. అవునండీ అనేవాళ్ళం. "అయితే ఆ అడిగే హక్కు రాజు ఇచ్చింది కాదు. తను ఇవ్వనిదాన్ని తను తీసుకోలేడు" అని అటు పక్క రాసేవాడు. నిజాం రాజ్యంలో కూర్చుని ఈ మాటలు! హెడ్మాస్టరు గారు పిలిచి "మాస్టారూ, మీరు లెక్కలు అంత బాగా చెబుతారు కదా, అవే చెప్పుకోకూడదూ?" అని బతిమాలుకునేవాడట.

నాన్న తరగతిలో ఇంకో నియమం ఉండేది. ముందు జవాబు, తర్వాత కారణం. ప్రశ్న అడిగితే అవునో కాదో చెప్పాలి. చెప్పి ఆగాలి. ఆయన "ఎందుకు?" అన్నాకే కారణం మొదలెట్టాలి. ముందే కారణం ఎత్తుకుంటే "నసుగుతున్నావు, కూర్చో" అనేవాడు. నసిగేవాడి దగ్గర నిజం ఉండదని ఆయన నమ్మకం. ఇంట్లోనూ అదే వరస. పాలగిన్నె ఎవరు దొర్లించారంటే "నేను" అని ఆగాలి. పిల్లి సంగతి తర్వాత. అడిగేవాడు ఎప్పుడూ కుదురుగా కూర్చుని "ఎందుకు?" అంటాడనే ఆ మహానుభావుడి ధీమా.

సాయంత్రాలు నాన్నా చాచా మా అరుగు మీద చేరేవాళ్ళు. ఈయనకు నోరు ఊరుకోదు, ఆయనకు చెయ్యి ఊరుకోదు. చాచా గుండీలకు కాజాలు కుట్టుకుంటూ వినేవాడు.

"అన్నిటికంటే ముందు ధర్మం ఉంది మాస్టరూ" అనేవాడు నాన్న. దర్జీలను ఇక్కడ మాస్టరనే పిలుస్తారు. "దేవుడు మనిషిని చేసినప్పుడే దాన్ని లోపల పెట్టాడు. ఏ రాజూ రాయక్కర్లేదు, ఏ గ్రంథమూ చదవక్కర్లేదు, ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆలోచిస్తే ఎవడికైనా తెలుస్తుంది. దొంగతనం చెయ్యకూడదన్నది ముందు. నా వస్తువు నాదవడం దాని తర్వాత. ధర్మం నుంచి హక్కు పుడుతుంది."

"గట్ల కాదు సారూ" అనేవాడు చాచా. "హక్కు మనిషి ఒంటి మీదనే ఉంటది, తోలు లెక్క. ధర్మం నిద్రపోయినా అది పోదు. నేను నమాజు తప్పిననుకోండ్రి. అది అల్లాకు నాకు నడుమ ముచ్చట. దయగల్లోడు, మాఫ్ జేస్తడు. కని మీ బట్టల జానెడు ముక్క దాసుకున్ననుకోండ్రి. అది మీ హక్కు. దాన్ని ఆయన సుత మాఫ్ జెయ్యడు. మీరే జెయ్యాలె."

"అదేమిటయ్యా! దేవుడు చెయ్యలేనిది ఉంటుందా?"

"చెయ్యలేక కాదు సారూ. ఆయనది కాదు గద అది."

నేను పక్కన కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నాను. నాన్న నా దోసిట్లోంచి రెండు పల్లీలు తీసుకుని అడిగాడు. "మరి హక్కు పోగొట్టుకున్న మనిషి చచ్చిపోతే? అప్పుడు ఎవరు క్షమించాలి?"

చాచా సూది ఆపాడు. "గదే నాకు భయం. అందుకే పీలికలు సుత వాపస్ ఇస్తున్న" అన్నాడు. మా ప్రభువు అందరి పాపాలూ క్షమిస్తాడని నాన్న చెప్పబోయాడు. "మీ ప్రభువు మంచోడు సారూ" అని చాచా నవ్వి, మళ్ళీ కాజా అందుకున్నాడు.

ఆ తర్వాత రోజులు పాడయ్యాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది గానీ హైదరాబాదు సంస్థానం అందులో కలవలేదు. రజాకార్లు ఖాకీ బట్టలేసుకుని వీధుల్లో కవాతు చేసేవాళ్ళు. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు చెప్పే సంగతులు వింటే అన్నం సహించేది కాదు. ఒకరోజు ఇద్దరు మనుషులు ఖాకీ తాను తెచ్చి చాచా వాకిట్లో పడేసి, కుట్టమని చెప్పి వెళ్ళిపోయారు. కుట్టనంటే ఊరుకునే రోజులు కావు. చాచా కుట్టాడు. ఎప్పటిలాగే ఒక్కొక్కటీ తొడుక్కుని వాకిట్లోకి వచ్చి చేతులు ఎత్తాడు, దించాడు, గొంతుక్కూర్చుని లేచాడు. సందంతా చూసింది. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

"మాస్టరూ, ఇవి కూడానా?" అన్నాడు నాన్న, అరుగు మీది నుంచే.

"కుట్టకుంటె తంతరు సారూ. కుట్టినంక చంకల పడితె అది నా తప్పు" అన్నాడు చాచా. ఆయన మొహం నల్లబడిపోయింది. ఆ పూట ఆయన మా అరుగెక్కలేదు.

కానీ అవే నెలల్లో, పొద్దున్నే మెడలో కొలత టేపు వేసుకుని నాన్న పక్కన నడుస్తూ బడి దాకా దిగబెట్టి వచ్చేదీ ఆయనే. నాన్న ఆంధ్ర మనిషి, పైగా నోటికి తాళం లేనివాడు. దారిలో ఎవరైనా నిలదీస్తే "నా పక్కింటాయన, నా అన్న" అని చాచా ఉర్దూలో చెప్పేవాడు. టేపు మెడలోంచి తియ్యవేం చాచా అని అడిగితే, పనోణ్ణి చూసి ఎవడూ గొడవ పడడు బిడ్డా అన్నాడు.

పోలీసు చర్య పేరుతో జరిగిన యుద్ధం కొద్ది రోజుల్లోనే ముగిసిపోయింది. ఇండియా సైన్యం సికింద్రాబాదులోకి వచ్చిన రోజు రోడ్ల పక్కన జనమే జనం. పూలు, జెండాలు, కేకలు. నాన్న నన్ను వెంటబెట్టుకుని పోయాడు. గొంతు పోయేలా అరిచి వచ్చాడు. "ఇక బోర్డు మీద గీత భయం లేకుండా గీయొచ్చే" అని అమ్మతో అన్నాడు. చాచా ఇంటి తలుపు ఆ రోజంతా మూసే ఉంది.

కొన్నాళ్ళకు సందు మొదట్లో జీపు ఆగింది. ఎవరో చెప్పారట, ఈ దర్జీ ఖాకీ వేసుకుని వాకిట్లోనే డ్రిల్లు చేసేవాడని. డ్రిల్లట! చంక చూసుకున్నది డ్రిల్లట! ఆ చెప్పిన నోరు ఎవరిదో ఇప్పటికీ తెలియదు, తెలిస్తే ఈ వయసులో కూడా వెళ్ళి కడిగి వచ్చేదాన్ని. చాచా అప్పుడు నాన్నకు క్రిస్మస్ చొక్కా బట్ట కోస్తున్నాడు. కత్తెర పక్కన పెట్టి, "సారు అంగీ కోసిపెట్టిన, వచ్చినంక కుడుత. ముక్కలు పారెయ్యకు" అని చాచీకి చెప్పి జీపెక్కాడు. మెడలో టేపు అలాగే ఉంది. ఒక జవాను దాన్ని తీసి వాకిట్లోకి విసిరాడు.

ఆయన్ని తిరుమలగిరి అవతల పాత పటాలం బారకాసుల్లో పెట్టారు. ఏం నేరమో కాగితం లేదు, ఎన్నాళ్ళో చెప్పలేదు. పెద్దమనుషులెవరైనా వచ్చి సాక్ష్యం చెబితే విచారించి వదులుతారని మాత్రం తెలిసింది. మా వెనక సందులో ఒకడు నిజంగానే కర్ర పట్టుకుని కవాతుకు పోయినవాడు. వాడి పక్కింటి కిరాణా కొట్టాయన వెళ్ళి "అబ్బే, ఎప్పుడూ చూడలేదు సార్" అని ఒక్క ముక్క చెప్పాడు. సాయంత్రానికి వాడు ఇంట్లో ఉన్నాడు.

చాచీ మా ఇంటికి వచ్చి కొంగు పట్టుకుని నిలబడింది. "సారూ, మీరు జెర ఒక్క మాట చెప్తె..." అంది. ఆమెను కూర్చోబెట్టి అమ్మ వంటింట్లోకి నాన్నను లాక్కుపోయింది.

"ఏవండీ, చూడలేదని చెప్పండి. అంతే."

"చూశాను కదే."

"చూశారు. నేనూ చూశాను, వీధిలో కుక్క కూడా చూసింది. అయితే ఏం? ఒక్క అబద్ధానికి మనిషి ఇంటికొస్తాడు."

"అబద్ధం ఎందుకే? మొత్తం చెబుతాను. అయ్యగారి అంగీ సంగతి కూడా చెబుతాను. వాళ్ళూ మనుషులే కదా. పూర్తి నిజం వింటే వదలక ఏం చేస్తారు?"

అమ్మ నెత్తి కొట్టుకుంది. నాన్న మాత్రం ఆ పూట ఎంత ధైర్యంగా ఉన్నాడో! ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పరీక్షకు పోయేవాడిలా బయల్దేరాడు. బురఖాలో చాచీ, తోడుగా నేను. జట్కాలో తిరుమలగిరి పోతుంటే చాచీ చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది. దారిపొడుగునా పెదాలతో ఏదో జపించుకుంటూనే ఉంది.

ఆఫీసు గదిలో మేమిద్దరం గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాం. అధికారి కుర్రవాడే, మర్యాదస్తుడు. నాన్నను చూసి లేచి నమస్కారం పెట్టాడు. ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. మిషను బడి చదువు కాబట్టి నాకు అర్థమవుతూనే ఉంది. మీరు క్రైస్తవులా, అవును. ఉపాధ్యాయులా, అవును. ఈ దర్జీ మీకు బాగా తెలుసా, పక్కిల్లే.

"ఈ మనిషిని ఖాకీ దుస్తుల్లో మీరెప్పుడైనా చూశారా?"

నాన్న చేతులు కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. "చూశాను" అన్నాడు.

అని, ఆగాడు.

ప్రభువా, ఆ ఆగడం! నాకు తెలుసు ఆయన దేనికి ఆగాడో. ఆయన తరగతిలో నేనూ అలా ఎన్నోసార్లు నిలబడ్డాను. "ఎందుకు?" అన్న మాట కోసం ఆగాడు. కళ్ళలో ఎంత నమ్మకమో. లోపల అంతా సిద్ధంగా ఉంది: చంకలు, దుప్పటి కట్టుకున్న పొట్ట, రైల్వే గార్డు కోటు, తెల్లంగీ, అమ్మ తల వంచడం. ఒక్క మాట అడిగితే చాలు.

అధికారి రాసుకున్నాడు. కలం మూత పెట్టాడు. "చాలా సంతోషం మాస్టారూ. ఇవాళ నిజం చెప్పిన సాక్షి మీరొక్కరే" అన్నాడు, మనస్ఫూర్తిగానే. గంట కొట్టాడు. తర్వాతి వాళ్ళు లోపలికి వచ్చేస్తున్నారు.

"సర్, దానికి కారణం ఉంది, ఆయన దర్జీ, ఆయన పద్ధతి..." అని నాన్న మొదలుపెట్టాడు. జవాను అప్పటికే మోచెయ్యి పట్టుకున్నాడు.

"కారణాలు అందరూ చెబుతారు మాస్టారూ" అన్నాడు అధికారి, విసుక్కోకుండా, నసిగే పిల్లవాడితో మా నాన్న మాట్లాడినట్టే.

బయటికొచ్చాక చాచీ అడిగింది. "సారు ఏమన్నరు బిడ్డా?"

చెప్పాను. ఏం చెయ్యను? "చూశానన్నాడు చాచీ" అన్నాను. ఆమె నా చెయ్యి వదిలేసింది. జట్కాలో నాకూ ఆమెకూ మధ్య జాగా మిగిలింది, ఇల్లు చేరేదాకా ఆ జాగా అలాగే ఉంది. నాన్న ముందు, తోలేవాడి పక్కన కూర్చున్నాడు. వెనక్కి తిరగలేదు. ఆయన మెడ మీద ఆ ఇస్త్రీ కాలరు వైపు చూస్తూ నేను ఏడ్చాను.

ఇంట్లో అమ్మ ఒంటికాలి మీద లేచింది. "ఆయన మిమ్మల్ని బడి దాకా దిగబెట్టినప్పుడు నా అన్న అని చెప్పాడే! మీరిద్దరూ ఒక్క తల్లి కడుపున పుట్టారటండీ? అది అబద్ధం కాదూ? ఆ అబద్ధంతోనే కదా మీరు ఇవాళ బతికి బట్ట కట్టారు!" అని అరిచింది. నాన్న గోడకు ఆనుకుని నిలబడి విన్నాడు. ఆ మాట ఆయనకు అప్పటిదాకా తోచనే లేదనుకుంటాను.

ఆ తర్వాత నాన్న తిరగని చోటు లేదు. బడి అవగానే తిరుమలగిరి. అయ్యగారిని తీసుకెళ్ళాడు, హెడ్మాస్టరును తీసుకెళ్ళాడు. గేటు దాటనివ్వలేదు. అర్జీలు ఇచ్చాడు. నన్నెందుకు కట్టేశారని అడిగే హక్కు ప్రతి మనిషికీ ఉందని, అతని మాట అతని నోటితో వినకుండా శిక్షించకూడదని గేటు దగ్గర గుమాస్తాకు నిలబడి పాఠం చెప్పాడు. ఒకసారి నేనూ ఉన్నాను.

"ఏ చట్టం ప్రకారం?" అన్నాడు గుమాస్తా.

"అన్ని చట్టాలకంటే ముందునుంచీ ఉన్నది."

"దానికి సెక్షను నంబరుందా?"

నిజాం రాజ్యం పోయింది, ఆయన ఫర్మానా పోయింది, కొత్త హుకుం వచ్చింది. బోర్డు మీది గీత అక్కడే ఉంది. దానికి అటు పక్క రాసినవాటిని రాజులు తీసుకోలేరన్నాడు మా నాన్న. తీసుకుంటూనే ఉన్నారు. అది ఆయన కళ్ళెదుటే, ఆయన చెప్పిన ఒక్క మాటతో జరిగింది. తరగతిలో ఆ పాఠం మధ్యలో ఆపేసి కిటికీలోంచి చూస్తూ నిలబడేవాడు. మేం గుసగుసలాడినా కసరేవాడు కాదు.

చాచాను చూడ్డానికి ఇంటివాళ్ళకు ఒక్కసారి అనుమతి ఇచ్చారు. ఇంటివాళ్ళకు మాత్రమే. నాన్న గేటు బయట ఎండలో నిలబడ్డాడు, చాచీ లోపలికి వెళ్ళివచ్చింది. "బక్కగయ్యిండు" అని మాత్రం చెప్పింది.

చలి మొదలయ్యాక ఆ బారకాసుల్లో విరేచనాలు పట్టుకున్నాయని కబురొచ్చింది. క్రిస్మస్‌కు ఇంకా రోజులుండగానే చాచా పోయాడు. శవాన్ని ఇంటికి పంపారు. సందులో మగవాళ్ళంతా వచ్చారు. నాన్న జనాజా మోయడానికి భుజం పట్టబోతూ చాచీ వైపు చూశాడు. ఆమె వద్దనలేదు. ఖబరస్తాన్ దాకా నాన్న భుజం మార్చుకోలేదట, మనుషులు మారుస్తామన్నా వినలేదట.

కొన్నాళ్ళు ఆగి, ఒక మధ్యాహ్నం నాన్న పక్కింటికి వెళ్ళాడు. ఒంటరిగా పోలేక నన్ను రమ్మన్నాడు. చాచా చేతులెత్తి నిలబడే ఆ వాకిట్లోనే, నేల మీద కూలబడ్డాడు. చాచీ గడప లోపల నిలబడి ఉంది. కుట్టుమిషను మీద ఏదో తెల్లబట్ట కనిపిస్తోంది.

"నన్ను క్షమించమ్మా" అన్నాడు. "ఆయనకు... నేనేం చెప్పానో ఆయనకు తెలుసా?"

"నేను చెప్పలే సారూ" అంది చాచీ. "ఎట్ల చెప్తా? 'సారు మీ కోసం రోజూ గేటు కాడ నిలవడుతున్నడు' అని చెప్పిన. మస్తు సంబురపడ్డడు. గా సంబురంతోనే పోయిండు."

నాన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆయన అడిగేది నాకిప్పుడు అర్థమవుతుంది. చాచాకు తెలిసుంటే, కోప్పడేవాడో, తిట్టేవాడో, చివరికి పోనీలే సారూ అనేవాడో. తెలియనివాడు ఏమని క్షమిస్తాడు? చాచీ దయతో చేసిన పని ఆ ఒక్క దారి కూడా మూసేసింది. ఆమెను అనడానికేం లేదు. నేనైనా అదే చేసుందును.

"అయితే నువ్వన్నా చెయ్యమ్మా" అన్నాడు నాన్న. "ఆయన తరఫున."

చాచీ ఏడవలేదు.

"నా మొగడు పోయిండు. ఆ దుఃఖం నాది. దాని గురించి మిమ్ముల నేనేమంట లేను సారూ, నాది నేను మాఫ్ జేస్తున్న" అంది. "కని ఆయనది నా తాన లేదు. ఉంటె ఇయ్యకపోదునా? అది ఆయన తాననే ఉండె. తీస్కపోయిండు."

ఆ మాట ఎక్కడిదో నాన్నకు తెలుసు. మా అరుగు మీద, కాజాలు కుట్టుకుంటూ చాచా చెప్పిందే. దేవుడి దగ్గర కూడా లేనిది ఆమె దగ్గర ఎలా ఉంటుంది? నాన్న తల ఊపాడు. వాదించలేదు. జీవితమంతా వాదించినవాడు.

చాచీ లోపలికి వెళ్ళి మిషను మీది తెల్లబట్ట మడిచి తెచ్చి ఆయన ముందు పెట్టింది. "మీ అంగీ. ఆయన కోసిపెట్టిండు, నేను కుట్టిన. ముక్కలు జేబుల ఉన్నయి" అంది. తలుపు వేసుకుంది. తర్వాత కొద్ది నెలలకే తమ్ముడు వచ్చి ఆమెను నల్గొండ తీసుకుపోయాడు. ఆ ఇంట్లోకి ఎవరెవరో వచ్చారు, పోయారు.

క్రిస్మస్ నాడు నాన్న ఆ చొక్కా తొడుక్కున్నాడు. చర్చిలో ప్రార్థనకు చెయ్యి ఎత్తబోతే కుడి చంకలో పట్టేసింది. చెయ్యి భుజం దాకా వెళ్ళి ఆగిపోయింది. తొడిగి చూసే మనిషి లేడు కదా మరి. ఇంటికొచ్చాక అమ్మ "ఇటివ్వండి, ఆ కుట్టు విప్పి కాస్త వదులు చేస్తాను" అంది. వద్దన్నాడు.

తరగతిలో ఆయన పద్ధతి మారిపోయింది. ముందు జవాబు అని మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఎంత నసిగే పిల్లవాణ్ణయినా చివరిదాకా విని, "ఇంకా ఏమైనా చెప్పాలా నాన్నా?" అని అడిగేవాడు. పాఠం సగంలో గంట కొట్టేసేవారు. కొత్తగా వచ్చిన పంతుళ్ళు ఆయన చాదస్తానికి నవ్వుకునేవారు. నవ్వనీ.

ఆ చొక్కా చిరిగే దాకా ప్రతి ఆదివారం వేసుకున్నాడు. ఆయన కుడి చెయ్యి పైకి లేవకపోతే కీళ్ళనొప్పులనుకునేవారు సంఘంలో వాళ్ళు. జేబులో పీలికల చుట్ట ఒక్కనాడూ బయట పెట్టలేదు. ఉతికేటప్పుడు అమ్మ దాన్ని తీసి గూట్లో పెట్టి, చొక్కా ఆరాక మళ్ళీ జేబులోనే పెట్టేది.